ఉగాదికి ఇల్లు శుభ్రం: కుంకుడు, నిమ్మ ఉప్పు, బట్టల సోడా ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ఉగాది వారం రోజులుందనగా బెజవాడ ఇళ్లలో బూజు దులపడం, ఇత్తడి తోమడం, బాత్‌రూమ్‌లో యాసిడ్ పోయడం వరసగా మొదలవుతాయి. ఇందులో యాసిడ్ సీసా అవసరం లేదు. మురికి ఏ రకమో గుర్తుపడితే చాలు. దుమ్ముకు పొడిగుడ్డ, వంటింటి జిడ్డుకు సోడా, బోరు నీళ్ల తెల్ల గారకు పులుపు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే మురికి పోకపోగా రాయి, కుళాయి పాడవుతాయి.

ముందుగా తెచ్చుకోవలసినవి: పావుకిలో కుంకుడుకాయలు, 200 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్ పలుకులు), అరకిలో బట్టల సోడా, కాస్త పాత చింతపండు, చిరిగిన నూలు చీరలు, లుంగీలు.

నీళ్లు ముట్టకముందే సగం పని అయిపోవాలి. పైనుంచి కిందికి, లోపలి గదుల నుంచి గుమ్మం వైపు రండి. బూజు కర్రకు పొడిగుడ్డే చుట్టండి. తడిగుడ్డ తగిలితే బూజు గోడకు అంటుకుని నల్ల చారలు పడతాయి. ఫ్యాన్ స్విచ్ ఆపి, రెక్కకు పాత దిండు గలీబు తొడిగి వెనక్కి లాగితే దుమ్మంతా గలీబులోనే ఉంటుంది, మంచం మీద రాలదు.

నేలకు కుంకుడు రసం. 100 గ్రాముల కాయలు కొట్టి గింజలు తీసేసి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున 15 నిమిషాలు సన్నని సెగ మీద మరగనిచ్చి, చల్లారాక పిసికి వడకట్టండి. అర బకెట్ నీళ్లకు ఒక గ్లాసు చాలు. నురగ తక్కువగా ఉందని ఇంకా పోయకండి, నేల జారుతుంది. మన బోరు నీళ్లకు కుంకుడే ఎందుకంటే, ఉప్పునీళ్లలో సబ్బు విరిగి తెల్లటి తెట్టు కడుతుంది, కుంకుడు అలా విరగదు. బయట ఉంచితే రెండు రోజులకే పులుస్తుంది. మిగిలినది ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించుకోండి. కళ్లలో పడనివ్వకండి. చేపల తొట్టి దగ్గరకు అసలు తీసుకెళ్లకండి, కుంకుడు చేపలకు విషం. తెల్ల మార్బుల్ మీద దీని గోధుమరంగు దిగే అవకాశముంది కాబట్టి దానికి మంచినీళ్లతో తుడవడమే మేలు.

రాయి సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. మార్బుల్, నాపరాయి, వంటింట్లో గట్టుగా వేసే కడప బండ, ఇవన్నీ సున్నపు జాతి రాళ్లే. నిమ్మకాయ, వెనిగర్, చింతపండు ఏది పడినా పాలిష్ తినేస్తుంది. ఆ మచ్చ మురికి కాదు, రాయే కరిగిన గుర్తు. ఎంత తోమినా పోదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. ఏ రాయో తెలియకపోతే, కనపడని మూల ఒక్క నిమ్మరసం చుక్క వేసి రెండు నిమిషాలకు తుడవండి. బుడగలు లేచినా, మసక మచ్చ మిగిలినా ఆ రాయికి పులుపు వద్దు.

కుళాయిల గార

కుళాయిల మీద, బకెట్ల అంచున, టైల్స్ మీద పేరుకునే తెల్ల గారకు నిమ్మ ఉప్పు. లీటరు గోరువెచ్చని నీళ్లకు రెండు పెద్ద చెంచాలు. గుడ్డ అందులో ముంచి కుళాయికి చుట్టి 20 నిమిషాలు ఉంచి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడిగేయండి. రాత్రంతా వదిలితే మెరుపు పూత లేచిపోతుంది. షవర్ తల విప్పి ఇదే నీళ్లలో అరగంట నానేయండి. టైల్స్‌కు వాడేముందు గోడను మామూలు నీళ్లతో తడపాలి. పొడిగా ఉన్న సందుల్లోని సిమెంటు పులుపును పీల్చుకుని గుల్లబారుతుంది. బజారు యాసిడ్‌ ఈ నష్టాన్నే చాలా వేగంగా చేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, యాసిడ్ గానీ వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ బ్లీచింగ్ పౌడర్‌తో కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది; మూసి ఉన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

వంటసోడా, వెనిగర్ కలిపి పొంగించడం వీడియోల్లో బాగానే కనిపిస్తుంది. కానీ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బుడగలు పోయాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. ఏదో ఒకటే వాడండి.

వంటింటి జిడ్డు

ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీద బంకలా పట్టిన నూనెను ముందు పాత కాగితంతో గీకి తీసేయండి. అది సింకులోకి పోతే పైపులో గడ్డ కడుతుంది. ఆ తర్వాత లీటరు వేడినీళ్లలో రెండు పెద్ద చెంచాల బట్టల సోడా కరిగించి, చేతికి తొడుగులు వేసుకుని, విప్పిన ఇనుప, స్టీలు భాగాలు 20 నిమిషాలు నానేయండి. అల్యూమినియం జాలీకి మాత్రం సోడా తగలకూడదు, నల్లబడిపోతుంది. దానికి వేడి కుంకుడు రసమే. మోటారు భాగాన్ని నీళ్లలో ముంచకండి.

ఇత్తడికి నిమ్మకాయంత చింతపండు, చెంచా ఉప్పు. పులిమి రెండు మూడు నిమిషాల్లో కడిగేసి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఎక్కువసేపు వదిలితే ఇత్తడిలోని జింకు ముందు కరిగి, రాగి రంగు మచ్చలు తేలతాయి.

పప్పు డబ్బాలు ఖాళీ చేసి ఎండబెట్టి, పప్పులు కూడా ఒకరోజు ఎండలో పోయండి. బియ్యం మాత్రం నీడలోనే ఆరబెట్టాలి, ఎండకు గింజ చిట్లి నూక అవుతుంది. డబ్బాలో నాలుగు గుంటూరు ఎండుమిరపకాయలు, నీడన బాగా ఎండిన వేపాకు గుడ్డలో కట్టి వేయండి. పచ్చి ఆకు వేస్తే చెమ్మకు బూజు పడుతుంది. ఇవి పురుగును దూరంగా ఉంచుతాయే గాని, పట్టిన పురుగును చంపవు.

ఎండలు ముదిరేలోపు కూలర్ కూడా దించాలి. ప్లగ్ తీసేసి పాత నీళ్లు వంపేయండి. తొట్టి ప్లాస్టిక్‌దైతే పది లీటర్ల నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, అరగంట నాననిచ్చి బ్రష్‌తో రుద్ది రెండుసార్లు కడగండి. జింకు పూత ఉన్న రేకు తొట్టికి పులుపు వద్దు, పూత కరిగి తుప్పు పడుతుంది. బ్రష్, మామూలు నీళ్లు చాలు. గార పట్టి గట్టిపడిన చెక్క పీచు కడిగినా లాభం లేదు, మార్చేయాలి.

ఇక పనికిరానివి. చిరిగిన దేవుడి పటాలు, పాత పూజ సామాన్లు మూటకట్టి బందరు కాలువలోనో ఏలూరు కాలువలోనో వదలడం దయచేసి మానండి. ప్రకాశం బ్యారేజీ నుంచి వెళ్లే ఆ నీళ్లే కింద డెల్టా పొలాలకు, ఊళ్ల చెరువులకు చేరతాయి. పటం విప్పి అద్దం, రేకు, చెక్క పొడి చెత్తకు ఇవ్వండి. కాగితం నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి మొక్క మొదట్లో కప్పండి. పగిలిన ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఉంటుంది కాబట్టి చేత్తో, చీపురుతో కాకుండా గట్టి అట్టతో ఎత్తి, మూత ఉన్న డబ్బాలో వేసి, డబ్బా మీద రాసి విడిగా అప్పగించండి.