డిష్ దూరంగా ఉంటే కేబుల్ ఎలా లాగాలి

చెట్టో, పక్క మేడో అడ్డొస్తే డిష్‌ను ఇంటికి దూరంగా పెట్టక తప్పదు. 30 మీటర్ల లోపైతే డిష్‌లకు మామూలుగా వాడే ఆర్‌జీ 6 రకం కేబుల్‌తో పనైపోతుంది. 50 మీటర్లు దాటితే మాత్రం రెండు నష్టాలు లెక్కేసుకోవాలి. ఒకటి సిగ్నల్ తగ్గడం, రెండోది వోల్టేజీ పడిపోవడం. మొదటిదానికి సిగ్నల్ పెంచే ఆంప్లిఫయర్ ఉందని అందరికీ తెలుసు. రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ నుంచి సెట్‌టాప్ బాక్సుకు సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య వస్తుంది. ఆర్‌జీ 6లో 100 మీటర్లకు కింది అంచున సుమారు 20 డీబీ (డెసిబెల్, సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత), పై అంచున 30 డీబీకి పైగా పోతుంది. అందుకే కేబుల్ పొడవు ఎక్కువైనప్పుడు ముందు పై ఫ్రీక్వెన్సీ చానళ్లే ముక్కలవుతాయి. ఆర్‌జీ 11 అనే ఇంకో రకంలో నష్టం దాదాపు మూడో వంతు తక్కువ. కాకపోతే లావు, వంగదు, కనెక్టర్లూ వేరే కొనాలి.

ఇక వోల్టేజీ. బాక్సు ఇదే తీగలో ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు పంపుతుంది. 13 అయితే నిలువు, 18 అయితే అడ్డం పోలరైజేషన్, అంటే సిగ్నల్ తరంగం ఊగే దిశ. చానళ్లు ఈ రెండింటి మధ్య పంచి ఉంటాయి. చౌక కేబుళ్లలో మధ్య తీగ ఇనుము, పైన రాగి పూత మాత్రమే. అలాంటివి 100 మీటర్లు వేస్తే రానూపోనూ నిరోధం 12 ఓమ్‌ల దాకా ఉంటుంది. ఎల్‌ఎన్‌బీ 200 మిల్లీ ఆంపియర్లు లాగితే 2.4 వోల్టులు దారిలోనే పోయి, అక్కడికి చేరేది 15.6. ఆంప్లిఫయర్ కూడా కరెంటు తింటుంది కాబట్టి అది పెట్టాక ఇంకా తగ్గుతుంది. అప్పుడు ఎల్‌ఎన్‌బీ దాన్ని 13గానే తీసుకోవచ్చు. సగం చానళ్లు బాగా వచ్చి, మిగతా సగం అస్సలు రాకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. మధ్య తీగ నిండు రాగిదైతే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి: తీగ అంటుకుంటే ఇనుమే.

ఆంప్లిఫయర్ అవసరమైతే బాక్సు ఇచ్చే కరెంటును (డీసీ) ఎల్‌ఎన్‌బీ దాకా పంపే 20 డీబీ రకం తీసుకుని డిష్ దగ్గరే పెట్టండి. బాక్సు పక్కన పెడితే అప్పటికే నీరసించిన సిగ్నల్‌తో పాటు నాయిస్‌నూ పెంచుతుంది. 50 మీటర్లకే పెట్టేస్తే సిగ్నల్ మరీ ఎక్కువై బాక్సు తికమకపడుతుంది.

కేబుల్ పాతడానికి గొయ్యి తవ్వకముందే పరీక్ష చేయండి. బాక్సునూ టీవీనీ డిష్ దగ్గరికి తీసుకెళ్లి, పొట్టి కేబుల్‌తో సిగ్నల్, క్వాలిటీ అంకెలు రాసుకోండి. తర్వాత కేబుల్ చుట్టనంతా మధ్యలో కలిపి మళ్లీ చూడండి. లెవెల్ తగ్గినా క్వాలిటీ నిలిస్తే చాలు. కనెక్టర్లు తీసి పెట్టేటప్పుడు బాక్సు ప్లగ్గు పీకేయండి.

నేలలో వేసే కేబుల్‌ను పీవీసీ పైపులో నడపండి. మధ్యలో అతుకు వద్దు. మలుపుల్లో 7 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగించి వంచకండి, కరెంటు తీగలకు కనీసం 30 సెంటీమీటర్లు ఎడం ఉంచండి. పైపులో ఇంకో కేబుల్ కూడా ఇప్పుడే లాగేస్తే రేపు మళ్లీ తవ్వే పని ఉండదు.

కేబుల్ చివర్లకు వేసే ఎఫ్ కనెక్టర్లలో మర తిప్పి బిగించేవి కాకుండా, పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ రకం వాడండి. మధ్య తీగను సుమారు 6 మిల్లీమీటర్లు, దాని వెనక అల్లికను (సన్న తీగల జాలి) మరో 6 మిల్లీమీటర్లు తేల్చండి. అల్లికలో ఒక్క వెంట్రుక మధ్య తీగకు తగిలినా షార్టే. బిగించాక తీగ కొన కనెక్టర్ అంచు దాటి 2 మిల్లీమీటర్లు కనిపించాలి. బయటి కనెక్టర్‌కు రబ్బరు టేపు చుట్టి, దానికి ముందు కేబుల్‌ను కిందికి వేలాడే వంపుగా వదిలితే వాన నీరు అక్కడే కారిపోతుంది.

కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట గ్రౌండ్ బ్లాక్ (కేబుల్ జాలిని ఎర్తింగ్‌కు కలిపే చిన్న లోహపు దిమ్మ) పెట్టి ఇంటి ఎర్తింగ్‌కు కలపండి. డిష్ స్తంభానికి వేరే ఎర్త్ రాడ్ ఉంటే దాన్నీ ఇంటి ఎర్తింగ్‌కు తీగతో జోడించాలి. లేదంటే దగ్గరలో పిడుగు పడినప్పుడు రెండింటి మధ్య తేడా అంతా కేబుల్ మీదుగా బాక్సులోకి వస్తుంది.

150 మీటర్లు దాటే దూరాలకు ఆంప్లిఫయర్లు వరసగా పేర్చడం దండగ. ఫైబర్ అవుట్‌పుట్ ఉన్న ఎల్‌ఎన్‌బీ తీసుకోండి. దానికి డిష్ దగ్గరే విడిగా పవర్ ఇవ్వాలి.