ఇంగ్లీషులో రకరకాలుగా నవ్వడం ఎలా

నవ్వు అనగానే మనం లాఫ్ ఒక్కటే వాడేస్తాం, కానీ మనకి ముసిముసి, కిసుక్కు, పకపక, ఇకిలింపు ఉన్నట్టే ఇంగ్లీషోళ్ళకీ బోలెడున్నాయి, వీటిని మన నవ్వులతో జత పెట్టుకుంటే తొందరగా పట్టుబడతాయి. లోలోపల చిన్నగా నవ్వుకుంటే చకిల్. చివరి బెంచీలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసకిసలాడితే గిగిల్, అదే ఎవడో జారిపడితే వెటకారంగా కిసుక్కుమంటే స్నిగ్గర్, అమెరికాలో అయితే స్నికర్ అనే ఎక్కువ అంటారు. పెళ్ళి భోజనాల్లో పెదనాన్న పందిరి అదిరేలా నవ్వుతాడు చూడండి, అది గఫా. స్మర్క్‌తో మాత్రం జాగ్రత్త, చిరునవ్వు కాదది, పొగరు నవ్వు, బాస్ గురించి మెయిల్లో రాసేరు!

అసలు బోల్తా పడేది ఫన్, ఫన్నీ దగ్గర. నేనోసారి ఒకళ్ళింట్లో శుభ్రంగా తిని ద డిన్నర్ వాజ్ ఫన్నీ అన్నా, ఆవిడ మొహం మాడిపోయింది. సరదాగా గడిస్తే ఫన్. ఫన్నీ అంటే నవ్వొచ్చేది, లేదా తేడాగా ఉన్నది, ద మిల్క్ స్మెల్స్ ఫన్నీ అంటే పాలు వాసనొస్తున్నాయని.

లాఫ్ ఎట్ హిమ్ అంటే వాణ్ణి చూసి నవ్వడం, లాఫ్ విత్ హిమ్ అంటే వాడితో కలిసి. జోక్‌కి సే పెట్టకండి, టెల్ ఎ జోక్ అనాలి, లేదా క్రాక్. వెటకారం సార్కాజం, శ్లేష పన్, మొహం బిగబట్టి జోకేస్తే డెడ్‌పాన్. కొట్టుకుని పడిపోయే కామెడీ స్లాప్‌స్టిక్, పాత ఇటలీ నాటకాల్లో టప్‌మని మోగే చెక్క బద్ద నుంచి వచ్చిందా పేరు.