ఏ కోడ్‌ను రీఫ్యాక్టర్ చేయాలి, దేన్ని కదిలించకూడదు: కొలిచి తేల్చుకోవడం ఎలా?

తెరవాలంటేనే జంకే ఫైల్ ఒకటి దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ ఉంటుంది. దాన్ని రీఫ్యాక్టర్ చేయాలా (అంటే, చేసే పని మారకుండా లోపలి అమరికను సరిచేయాలా), అలాగే వదిలేయాలా అన్నది అభిప్రాయాలతో తేల్చుకోబోతే వాదన తెగదు. రెండు లెక్కలు చేతిలో ఉండాలి: కోడ్ ఎంత చిక్కుపడి ఉంది, దాన్ని ఎంత తరచుగా మారుస్తున్నారు. మొదటిది మాత్రమే చూసి పనిలోకి దిగేవాళ్లు తరచుగా అక్కర్లేని చోట వారాలు ఖర్చుపెడతారు.

1. ముందు చేత్తో లెక్కపెట్టండి

కోడ్‌లో దారులు ఎన్ని చీలుతున్నాయో చెప్పే సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీని థామస్ మెకేబ్ 1976లో ప్రతిపాదించారు, దాని లెక్క చాలా తేలిక. ఫంక్షన్‌కు 1తో మొదలుపెట్టి, ప్రతి ఇఫ్, ఎల్స్ ఇఫ్, ఫర్, వైల్, కేస్, క్యాచ్‌కు ఒక్కొక్కటి కలుపుకుంటూ పోండి. ఉత్త ఎల్స్‌కు ఏమీ కలపక్కర్లేదు. షరతుల మధ్య వచ్చే అండ్, ఆర్‌లను చాలా టూల్స్ లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. అందుకే ఒక టూల్ ఇచ్చిన అంకెను ఇంకో టూల్ అంకెతో పోల్చకండి.

మెకేబ్ సూచించిన హద్దు 10. ఈ అంకె ఫంక్షన్‌లోని స్వతంత్ర దారుల సంఖ్య కూడా. 14 వచ్చిన ఫంక్షన్‌కు మూడే టెస్టులు ఉన్నాయంటే, చాలా దారులను ఎవరూ పరీక్షించలేదన్నమాట.

2. గూడు లోతును (ఒకదానిలో ఒకటి ఎంత లోపలికి ఉన్నాయో) విడిగా చూడండి

ఈ లెక్కకు ఒక పెద్ద లోపం ఉంది. పన్నెండు కేసులున్న స్విచ్‌కు 13 వస్తుంది, కానీ దాన్ని ఎవరైనా ఒక్క చూపులో చదివేస్తారు. ఇప్పుడు ఇంకో ఫంక్షన్ తీసుకోండి: ఆర్డర్ల మీద ఒక ఫర్ లూప్, దాని లోపల డబ్బు కట్టారా అనే ఇఫ్, దాని లోపల సరుకు ఉందా అనే ఇఫ్, ఇంకా లోపల చిరునామా సరైనదా అనే ఇఫ్. దీనికి వచ్చేది 5 మాత్రమే, చదవడానికి మాత్రం తల తిరుగుతుంది.

కోడ్‌ను తనిఖీ చేసే టూల్స్ తయారుచేసే సోనార్‌సోర్స్ కంపెనీ తెచ్చిన కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ ఈ తేడాను పట్టుకుంటుంది. లోతు పెరిగేకొద్దీ జరిమానా పెరుగుతుంది: లూప్‌కు 1, ఇఫ్‌లకు వరసగా 2, 3, 4, మొత్తం 10. ఆ స్విచ్‌కు మాత్రం 1 చాలు. రెండు కొలతలూ తీసి పక్కపక్కన పెట్టుకోండి.

3. టూల్‌తో మొత్తం కొలవండి

పైథాన్‌కు రేడాన్ అనే టూల్ ఉంది. 1–5కు ఏ గ్రేడ్, 6–10కి బీ, 11–20కి సీ ఇస్తుంది, 40 దాటితే ఎఫ్. రకరకాల భాషలు కలిసిన ప్రాజెక్టుకు లిజార్డ్ సరిపోతుంది, జావాస్క్రిప్ట్‌కు ఈఎస్‌లింట్‌లోనే కాంప్లెక్సిటీ రూల్ ఉంది. సగటును నమ్మకండి. రెండు లైన్ల చిన్న ఫంక్షన్లు వంద ఉంటే, 60 వచ్చిన ఒక్క ఫంక్షన్ వాటి చాటున దాక్కుంటుంది. పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు వరస పేర్చి, పైనున్న ఇరవైని చూస్తే చాలు.

4. మార్పుల లెక్క తీయండి

కోడ్ మార్పుల చరిత్రను చూపే గిట్ లాగ్‌ను గత ఆరు నెలలకు, కమిట్ (ఒకసారి భద్రపరచిన మార్పు) వివరాలు లేకుండా ఫైల్ పేర్లు మాత్రమే వచ్చేలా నడిపి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించండి. లాక్ ఫైళ్లు (వాడే లైబ్రరీల వెర్షన్లు నమోదయ్యేవి), టూల్స్ పుట్టించిన కోడ్, ఒకేసారి అన్ని ఫైళ్లనూ ఫార్మాట్ చేసిన కమిట్లు తీసేయండి, లేకపోతే అవే పైకి తేలతాయి. పేరు మారిన ఫైల్ చరిత్ర రెండు ముక్కలుగా కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

5. ఇప్పుడు నిర్ణయించండి

కాంప్లెక్సిటీ 45 ఉన్నా రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోని, బగ్గులు రాని ఫంక్షన్‌ను కదపకండి. 18 మాత్రమే ఉన్నా, ఆరు నెలల్లో 30 కమిట్లు పడి, వాటిలో సగం బగ్ సవరణలే అయితే మొదట పట్టుకోవాల్సింది అదే. త్వరలో తీసేయబోయే మాడ్యూల్ ఎంత చిక్కుగా ఉన్నా వదిలేయండి. రిలీజ్ ముందు రోజుల్లో మొదలుపెట్టకండి.

6. టెస్టులు రాశాకే చేయి పెట్టండి

ఇప్పుడున్న ఫంక్షన్‌కు రకరకాల ఇన్‌పుట్లు ఇచ్చి, వచ్చిన ఫలితాలను ఉన్నవి ఉన్నట్టు టెస్టులుగా రాసుకోండి. ఫలితం తప్పని తోచినా ఇప్పుడే దిద్దవద్దు, దానికి వేరే కమిట్ ఉండాలి. రెండూ కలిపేస్తే, ఏదైనా చెడినప్పుడు తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోలేరు.

పైన చెప్పిన ఆర్డర్ల ఫంక్షన్‌నే చూడండి. షరతులను తిరగేసి, "డబ్బు కట్టకపోతే తర్వాతి ఆర్డర్‌కు వెళ్లు" అని రాస్తే కాగ్నిటివ్ లెక్క 10 నుంచి 7కు దిగుతుంది, సైక్లోమాటిక్ 5 దగ్గరే ఉంటుంది. లూప్ లోపలి భాగాన్ని వేరే ఫంక్షన్‌గా తీసి, షరతు తప్పిన చోటే రిటర్న్ అయ్యేలా రాస్తే లూప్‌కు 1, కొత్త ఫంక్షన్‌కు 3.

కేవలం అంకె తగ్గడం కోసం ఫంక్షన్‌ను నరకవద్దు. ముక్కకు అర్థవంతమైన పేరు దొరకకపోయినా, దానికి ఏడెనిమిది పారామీటర్లు పంపాల్సి వచ్చినా, కోత తప్పు చోట పడింది. వెనక్కి కలిపేసి ఇంకో చోట ప్రయత్నించండి.

7. మళ్లీ పెరగకుండా కాపలా పెట్టండి

బిల్డ్‌లో ఈ కొలతను చేర్చండి. పాత కోడ్ మొత్తానికి మొదటి రోజే 10 అని హద్దు పెడితే వందల హెచ్చరికలు వచ్చిపడతాయి, వారం తిరక్కుండానే ఎవరో ఆ రూల్‌ను ఆపేస్తారు. ప్రస్తుతం ఉన్న అత్యధిక సంఖ్యనే హద్దుగా పెట్టి, పెద్ద ఫంక్షన్ ఒకటి తగ్గినప్పుడల్లా దాన్ని కొంచెం కిందికి దించండి. కొత్తగా రాసే ఫంక్షన్లకు మాత్రం మొదటి నుంచే 10 పెట్టవచ్చు.