నల్లులు: ముందు వెతకండి, మందు తరువాత

దిల్‌సుఖ్‌నగర్‌లో మహిళల హాస్టల్ నడుపుతున్నాను. కోచింగ్ కోసం వచ్చే ఆడపిల్లలు తరచూ హాస్టళ్లు మారుతుంటారు. వాళ్ల పరుపులు, పెట్టెలతో పాటు నల్లులూ ఊరేగుతాయి. "మేం శుభ్రంగానే ఉంటాం ఆంటీ" అని కళ్లనీళ్లు పెట్టుకునే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: నల్లికి కావలసింది మురికి కాదమ్మా, మనిషి నెత్తురు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దాచిపెడితేనే పక్క గదికి పాకుతాయి.

ఒంటి మీది దద్దుర్లను చూసి నల్లులని తేల్చేయకండి. ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు, రెండోవారికి ఏమీ కనిపించకపోవచ్చు. చూడాల్సింది మంచాన్ని. టార్చిలైటు పట్టుకుని పరుపు అంచు కుట్టును వేళ్లతో పక్కకు లాగండి. పెన్ను మొన ఆనించినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే తడిగుడ్డతో రుద్దండి. తుప్పు రంగులో సాగితే అది నల్లుల రెట్ట, అరిగిన నెత్తురన్నమాట. ఆ తరువాత తలవైపు పలక విప్పండి. స్క్రూ తీసిన రంధ్రంలో సూదితో గీకితే అసలు కాపురం బయటపడుతుంది: మిల్లీమీటరు పొడవున్న తెల్లటి గుడ్లు, విడిచిన పొరలు, ఇంకా నెత్తురు తాగని పాలిపోయిన పిల్లలు. పెద్ద నల్లి 5 మిల్లీమీటర్లు దాటుతుంది, ఎర్రటి గోధుమ రంగులో పలచగా ఉంటుంది. గోడకున్న క్యాలెండరు వెనుక, స్విచ్ బోర్డు అంచుల్లో, పెట్టె జిప్పు మడతల్లో కూడా చూడండి.

కనిపించగానే మరో గదిలోకి వెళ్లి పడుకోవద్దు. దుప్పటితో పాటు అవీ వస్తాయి. పాత గదిలో మిగిలినవి తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు.

బట్టలను, దుప్పట్లను గదిలోనే సంచిలో పెట్టి మూతి బిగించి బయటకు తీసుకురండి. 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే గుడ్లతో సహా చస్తాయి. ఇనుప మంచమైతే కీళ్ల దగ్గర మరిగే నీళ్లు పోయండి, చేతులు జాగ్రత్త. చెక్క మంచానికి ఆవిరి మేలు. ఆవిరి యంత్రాన్ని సందుల వెంట చాలా నెమ్మదిగా జరపాలి. ఆరాక పగుళ్లను ఎం-సీల్‌తో మూసేయండి. పరుపును ఎండలో వేస్తే మంచిదే కానీ, ఎండ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పైన వేడెక్కగానే నల్లులు అడుగు నీడలోకి జారుకుంటాయి.

మందుల సంగతి గట్టిగా చెబుతున్నాను. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను ఇంట్లో పెట్టనివ్వకండి. వాటి నుంచి వచ్చే విషవాయువు సందుల్లోంచి పక్కింటికీ పాకుతుంది. ఇలా ప్రాణాలు పోయాయి. కిరోసిన్ కూడా వద్దు, నిప్పు అంటుకుంటుంది. దోమల స్ప్రేలకు చాలా నల్లులు లొంగడం మానేశాయి, కొడితే చెల్లాచెదురై కొత్త సందులు వెతుక్కుంటాయి. గుంపు పెద్దదైతే లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వారిని పిలవండి. ఏ మందు కొడుతున్నారో, ఎన్ని గంటల తరువాత గదిలోకి వెళ్లవచ్చో అడగండి. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు ఉంటే ముందే చెప్పండి.

ఒక్కసారితో పని అయిపోదు. మిగిలిన గుడ్లు వారం పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి రెండు వారాలలోపు మళ్లీ అదంతా చేయాలి. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండా మడవండి. తెల్ల దుప్పటే పరచండి, కొత్త మరక పడితే పొద్దున్నే తెలుస్తుంది. రెండు నెలల పాటు వారం వారం ఆ కుట్లు, ఆ స్క్రూ రంధ్రాలు చూస్తూనే ఉండండి.