ఫోల్డర్ పర్మిషన్లు మార్చే ముందు జాగ్రత్తలు

విండోస్‌లో పర్మిషన్ల (ఫోల్డర్‌ని ఎవరు తెరవొచ్చు, ఎవరు మార్చొచ్చు అనే అనుమతులు) జోలికి వెళ్లే ముందు ఇవి చూసుకోండి.

• ముఖ్యమైన ఫైళ్లకు వేరే డిస్క్‌లో బ్యాకప్ ఉండాలి.

• బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాని లాక్ చేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కంప్యూటర్ బయట భద్రపరుచుకోండి.

• డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉందా? ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో పర్మిషన్లు మార్చే సెక్యూరిటీ ట్యాబే కనిపించదు.

• 'డినై' (అనుమతి నిరాకరించే) టిక్ విషయంలో చాలా జాగ్రత్త. ఒకే ఫోల్డర్‌లో నేరుగా అలౌ (అనుమతించు), డినై రెండూ పెడితే డినైదే పైచేయి. 'ఎవ్రీవన్'కి డినై పెట్టారనుకోండి, ఆ ఎవ్రీవన్‌లో మీరూ ఉంటారు, అడ్మిన్ అయినా సరే! ఒకరిని ఆపాలంటే లిస్టులోంచి వాళ్ల పేరు తీసేయడమే మంచిది. వాళ్లున్న గ్రూపుకి అనుమతి ఉందేమో కూడా చూడండి.

• సీ డ్రైవ్ మొత్తానికి, విండోస్ ఫోల్డర్‌కి ఏ మార్పూ వద్దు.

• ఇప్పుడున్న సెట్టింగ్‌లకు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ముందు ఖాళీ ఫోల్డర్ మీద మార్చి, ఇంకో యూజర్‌గా లాగిన్ అయి తెరిచి చూడండి.