మండపం భోజనం వ్యానెక్కించే ముందు

తిరుపతిలో ముహూర్తాల రోజుల్లో కల్యాణ మండపాల్లో మిగిలిన భోజనం సేకరించి, రుయా ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవారికి పంచే మిత్రులకు ఒక మాట. దయచేసి ఒక థర్మామీటరు దగ్గర పెట్టుకోండి.

పైన ఆవిరి వస్తోందని నమ్మకండి. గుండిగలో అన్నాన్ని గరిటెతో పక్కకు తీసి, నడిమధ్యన కొలవండి. 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటేనే వేడి భోజనం. తగ్గితే ఎప్పుడు వండారో, ఎంతసేపు అలా ఉంచారో వంటమాస్టరును అడగండి. స్పష్టమైన జవాబు రాకపోతే నిర్మొహమాటంగా వదిలేయండి. గోరువెచ్చని అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. వాంతులు తెప్పించే దాని విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఎంతో ఆకలితో ఉన్నవారికి పెట్టేది కదా, ఇక్కడ రాజీ వద్దు. కొబ్బరి చట్నీ, పెరుగన్నం నేనైతే అసలు తీసుకోను.

ప్రతి పాత్రకూ చీటీ అంటించండి: పదార్థం పేరు, శాకాహారమా మాంసాహారమా, వండిన సమయం, ఇచ్చిన మండపం. అవే వివరాలు, ఎక్కడ పంచారో కూడా పుస్తకంలో రాయండి. మిగులు ఆహార పంపిణీకి దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. రిజిస్ట్రేషన్ లేనివారు ముందు ఆ పని చూసుకోండి.