కారు బీమా క్లెయిము ఆగిందా? ఎవరి దగ్గర ఆగిందో ముందు పట్టుకోండి

కరీంనగర్ రోడ్డులో వెనక లైటు లేని ట్రాక్టరుకు తగిలో, ఏనుమాముల మార్కెట్ దగ్గర పత్తి లారీ రివర్స్‌లో వచ్చి గుద్దో ముందు భాగం పోయిన కారు వారాల తరబడి షెడ్డులోనే ఉంటుంది. షెడ్డు వాళ్లను అడిగితే అప్రూవల్ రాలేదంటారు. కస్టమర్ కేర్‌కు చేస్తే ప్రాసెస్‌లో ఉందంటారు. నష్టం లెక్కగట్టే సర్వేయరేమో "నేను రిపోర్ట్ ఎప్పుడో ఇచ్చిన" అంటాడు. ఈ ముగ్గురిలో ఫైలు ఎవరి దగ్గర ఉందో తేలకుండా ఎంత కొట్లాడినా గొంతు నొప్పే మిగులుతుంది.

తేల్చడానికి మూడు తేదీలు చాలు: క్లెయిము నమోదైన తేదీ, సర్వేయరును నియమించిన తేదీ, అతని రిపోర్టు కంపెనీకి చేరిన తేదీ. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిము చెప్పిన 24 గంటల్లో సర్వేయరును పెట్టాలి. నియమించిన 15 రోజుల్లో రిపోర్టు రావాలి. రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. ఇంటర్నెట్‌లో ఇంకా కనిపించే 72 గంటలు, 30 రోజుల లెక్క 2017 నాటిది. ఏజెంటు ఆ లెక్క చెబితే కొత్త సర్క్యులర్ సంగతి గుర్తు చేయండి.

చాలా క్లెయిములు సర్వేయరు మొదటిసారి చూసి వెళ్లాక ఆగుతాయి. బయటి నుంచి చూస్తే బంపరు, బానెట్, హెడ్‌లైటు మాత్రమే కనిపిస్తాయి. విప్పితే రేడియేటర్, ఏసీ కండెన్సర్, లోపలి సపోర్టు ప్యానెల్ కూడా వంగి ఉంటాయి. అప్పుడు షెడ్డు వాళ్లు అదనపు ఎస్టిమేట్ పంపాలి, సర్వేయరు మళ్లీ చూడాలి. ఈ రెండో ఎస్టిమేట్ పంపడంలోనే షెడ్డు తాత్సారం చేస్తుంది, నెపం కంపెనీ మీద పెడుతుంది. అందుకే షెడ్డు సూపర్‌వైజర్‌ను "ఎస్టిమేట్ ఏ తేదీన, ఏ మెయిల్‌కు పంపారు? ఆ మెయిల్ నాకు కూడా పంపండి" అని అడగండి. పంపి ఉంటే రెండు నిమిషాల పని. నసిగితే ఫైలు ఎక్కడుందో అర్థమైనట్టే.

సర్వేయరు చూడకముందే పార్టులు విప్పనివ్వొద్దు, అప్రూవల్ రాకముందే మార్చనివ్వొద్దు. మార్చిన పాత పార్టులు, రిపేరయ్యాక మళ్లీ చూసే రీఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా షెడ్డులోనే ఉండాలి. వాటిని తుక్కు కింద అమ్మేస్తే పార్టు నిజంగా మార్చారనడానికి రుజువు ఉండదు, దాని ఖరీదు కోసేస్తారు. పార్టు స్టాకు లేక ఆలస్యమైతే మాత్రం కంపెనీని నిందించి లాభం లేదు. ఆర్డర్ పెట్టిన తేదీ, వచ్చే తేదీ షెడ్డు దగ్గర రాతలో తీసుకోండి.

ఎవరికైనా దెబ్బలు తగిలితే దారి వేరు. ఠాణాలో ఎఫ్ఐఆర్ అవుతుంది, బండిని అక్కడ పెడతారు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి రిపోర్టు ఇవ్వాలి, ఆ తర్వాతే బండి విడుదల. ఈలోపు క్లెయిము నమోదు ఆపుకోవద్దు. "బండి స్టేషన్‌లో ఉంది, విడుదల కాగానే సర్వేకు చూపిస్తాం" అని మొదటి రోజే మెయిల్ పెట్టండి. సర్వేయరు ఠాణాకే వచ్చి ఫోటోలు తీసుకోవచ్చు కూడా. మీ కారుకే దెబ్బ తగిలి, మనుషులకేం కాకపోతే మామూలుగా ఎఫ్ఐఆర్ అవసరం పడదు. అవతలి లారీదే తప్పయినా మీ రిపేరు మీ పాలసీలో సొంత బండి నష్టానికిచ్చే ఓన్ డ్యామేజీ కిందే చేయించుకోవడం త్వరగా తెమిలే దారి. అవతలి వాడి బీమా నుంచి రాబట్టాలంటే ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ మెట్లెక్కాలి.

ఇక పేపర్లు. క్లెయిము ఫారం, డ్రైవింగ్ లైసెన్సు, అవసరమైన చోట ఎఫ్ఐఆర్, క్యాష్‌లెస్ (షెడ్డుకు కంపెనీయే నేరుగా కట్టడం) కాకపోతే రిపేరు బిల్లులు: ఇలా క్లెయిముకు నేరుగా సంబంధం ఉన్నవే అడగాలి, పేపర్లు లేవనే కారణంతో క్లెయిము తోసేయకూడదు అని అదే సర్క్యులర్ చెబుతోంది. వారానికొక కాగితం అడుగుతుంటే "ఇంకా కావలసినవన్నీ ఒకే మెయిల్‌లో చెప్పండి" అని రాయండి.

నిజంగా ఇరుక్కునే చోట్లు వేరే ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు ఆర్‌సీ మీ పేరు మీదికి మారినా, పాలసీ పాత యజమాని పేరు మీదే ఉండడం మొదటిది. బండి చేతులు మారిన 14 రోజుల్లో పాలసీ కూడా మార్పించుకోవాలి. రెండోది, పోయినేడు క్లెయిము తీసుకుని కూడా కొత్త కంపెనీ దగ్గర, క్లెయిము తీసుకోని వాళ్లకిచ్చే నో క్లెయిమ్ బోనస్ తగ్గింపు వాడుకోవడం. ఏజెంటు ప్రీమియం తక్కువ చూపించడానికి టిక్కు పెట్టేస్తాడు, క్లెయిము రోజు బయటపడుతుంది. మూడోది, తెల్ల నంబరు ప్లేటు కారును మేడారం జాతరకో పెళ్లికో కిరాయికి తిప్పడం. ఇందులో కూడా ఆశ పూర్తిగా వదులుకోనక్కర్లేదు. 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు, సొంత కారును కిరాయికి వాడినప్పటికీ నాన్ స్టాండర్డ్ పద్ధతిలో, అంటే షరతు తప్పినందుకు తగ్గించి, కొంత చెల్లించాలంది. అలాంటి కేసుల్లో 75 శాతం దాకా అడగొచ్చు. తాగి నడిపితే, లైసెన్సే లేకపోతే ఈ వాదన నడవదు.

కొన్నిసార్లు ఆలస్యం అనుకున్నది నిజానికి సొమ్ము మీద పేచీ. అందుకే పార్టుల అరుగుదల కింద కంపెనీ కోసే కోతల లెక్క ముందే వేసుకోవాలి. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి 50 శాతం కోత. అద్దానికి కోత లేదు. లోహపు పార్టులకు బండి వయసును బట్టి పెరుగుతుంది: 4 నుంచి 5 ఏళ్ల మధ్య 35 శాతం. పెయింట్ బిల్లులో 25 శాతాన్ని రంగు ఖరీదుగా లెక్కించి అందులో సగం కోస్తారు. నాలుగున్నరేళ్ల, 1200 సీసీ కారు బిల్లు, జీఎస్టీ పక్కన పెట్టి, రూ.55,000 అనుకుందాం. బంపరు 8,000కు వచ్చేది 4,000. బానెట్, ఫెండరు 20,000కు 13,000. ముందు అద్దం 9,000 మొత్తం వస్తుంది. పెయింట్ 12,000కు 10,500. లేబర్ 6,000 మొత్తం. కలిపితే 42,500. అందులోంచి 1500 సీసీ లోపు బండ్లకు తప్పనిసరి కోత రూ.1,000 తీసేస్తే చేతికి 41,500. జీరో డెప్ పాలసీ ఉంటే ఈ అరుగుదల కోతలు ఉండవు, ఆ 1,000 మాత్రం పోతుంది. మీ లెక్కకు, కంపెనీ లెక్కకు పెద్ద తేడా ఉంటే సర్వే రిపోర్టు కాపీ అడగండి. ఏ పార్టుకు ఎంత కోశారో అందులోనే ఉంటుంది.

గడువు దాటితే ఫోన్లు ఆపి, కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టండి. పొడుగు కథ వద్దు. ఇంత చాలు: "క్లెయిము నంబరు ఫలానా. నమోదు ఫలానా తేదీన. సర్వే ఫలానా తేదీన జరిగింది. 15 రోజులు, ఆపై 7 రోజుల గడువు ముగిసింది. సర్వే రిపోర్టు మీకు ఏ తేదీన అందింది? నిర్ణయం ఎప్పుడు చెబుతారు? ఆలస్యానికి బ్యాంకు రేటు మీద 2 శాతం అదనంగా వడ్డీ కూడా కోరుతున్నాను." ఫోన్‌లో చెప్పిన మాటలకు సాక్ష్యం ఉండదు, ఈ మెయిల్ తర్వాతి ప్రతి మెట్టు దగ్గరా పనికొస్తుంది.

రెండు వారాల్లో జవాబు లేకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరులో గానీ ఫిర్యాదు ఇవ్వండి. ఇది కంపెనీని కదిలిస్తుంది తప్ప ఎవరిది న్యాయమో తీర్పు చెప్పదు. తీర్పు కావాలంటే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. తెలంగాణకు ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో ఉంది. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీకి రాతలో ఫిర్యాదిచ్చి నెల గడిచినా జవాబు రాకపోతే, లేదా తోసిపుచ్చితే, ఏడాదిలోపు వెళ్లాలి. అవార్డు (అంబుడ్స్‌మన్ తీర్పు) వచ్చాక కంపెనీ 30 రోజుల్లో చెల్లించకపోతే రోజుకు రూ.5,000 చొప్పున మీకే కట్టాలి. రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు 2 ఏళ్లు. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. మానసిక వేదనకు, ఖర్చులకు పరిహారం కూడా అడగాలనుకుంటే ఇది మేలు, కానీ టైం ఎక్కువ పడుతుంది. కమిషన్‌లో కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి మామూలు రిపేరు క్లెయిముకు ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లండి.

చివర్లో డిశ్చార్జ్ ఓచర్ వస్తుంది, "పూర్తి, తుది చెల్లింపు" అని రాసి ఉంటుంది. సొమ్ము తక్కువనిపిస్తే సంతకం కిందే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను, ఇంకా ఇంత రావాలి" అని అంకెతో రాసి, ఫోటో తీసి అదే రోజు మెయిల్ చేయండి.